మూడు సెంచరీల రాయుడు



అంతర్జాతీయ క్రికెట్‌లో ఒక బ్యాటర్ పేరెత్తగానే చాలామంది మొదట అడిగేది ఎన్ని సెంచరీలు కొట్టాడనే. అజహరుద్దీన్ అంటే టెస్టుల్లో 22. వి.వి.ఎస్. లక్ష్మణ్ అంటే టెస్టుల్లో 17, వన్డేల్లో 6. గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు దగ్గరికి వచ్చేసరికి వన్డేల్లో 3. ఆ అంకె వినగానే మాట అక్కడితో ఆగిపోతుంది. ఆ మూడూ ఎక్కడ వచ్చాయి, ఏ స్కోరు మీద వచ్చాయి, అవతలి ఎండ్‌లో ఎవరున్నారు అని అడిగేవాళ్లు తక్కువ. ఈ ప్రసంగం ఆ మూడు సెంచరీల గురించి. దాంతో పాటు సెంచరీకి 10 పరుగుల ముందు ఆగిపోయిన ఒక ఇన్నింగ్స్ గురించి కూడా.

పల్నాడు శ్రోతలకు రాయుడు పరాయివాడు కాడు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడేదాకా మాచర్ల, గురజాల, నరసరావుపేట అన్నీ గుంటూరు జిల్లావే. అంటే భారత జట్టుకు రాయుడు ఆడిన ప్రతి మ్యాచ్ నాటికీ అతనిదీ పల్నాడుదీ ఒకే జిల్లా. 1985 సెప్టెంబర్ 23న గుంటూరులో పుట్టినా, అతని ఆట పెరిగింది మాత్రం హైదరాబాద్‌లో. చదువు కోసం, ఉద్యోగం కోసం, ఆట కోసం గుంటూరు జిల్లా కుటుంబాలు హైదరాబాద్ దారి పట్టడం అందరికీ తెలిసిందే. పల్నాడు ఎక్స్‌ప్రెస్ సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి మీదుగా ఇప్పటికీ వెళ్లేది ఆ దారినే.

ఆ కుర్రాడి మొదలు చూసినవాళ్లు మూడు దగ్గర ఆగే అంకెను ఊహించి ఉండరు. 2002 వేసవిలో భారత అండర్-19 జట్టు ఇంగ్లండ్ వెళ్లింది. టాంటన్‌లో జరిగిన వన్డేలో రాయుడు 177 పరుగులతో నాటౌట్‌గా నిలిచి జట్టును గెలిపించాడు. అప్పటికి అతనికి పదిహేడేళ్లు నిండలేదు. అదే ఏడాది నవంబర్‌లో రంజీ ట్రోఫీలో హైదరాబాద్ తరఫున మొదటి ఇన్నింగ్స్‌లో 210, రెండో ఇన్నింగ్స్‌లో నాటౌట్‌గా 159 చేశాడు. ఒకే మ్యాచ్‌లో డబుల్ సెంచరీ, దాని వెంటనే సెంచరీ! ఎదురుగా ఉన్న జట్టు ఆంధ్ర. పుట్టిన ఊరు ఏ జట్టు పరిధిలో ఉందో ఆ జట్టు మీదే రెండు ఇన్నింగ్స్‌లలో కలిపి 369 పరుగులు.

2004లో బంగ్లాదేశ్‌లో జరిగిన అండర్-19 ప్రపంచకప్‌కు రాయుడే కెప్టెన్. అతని కింద ఆడినవాళ్ల పేర్లు చూడండి: శిఖర్ ధావన్, సురేశ్ రైనా, దినేశ్ కార్తీక్, రాబిన్ ఊతప్ప, ఆర్.పి. సింగ్. ఆ జట్టు సెమీఫైనల్ దాకా వెళ్లింది. ఆ పేర్లన్నీ ఒక్కొక్కటిగా భారత జట్టులోకి ఎక్కాయి. కార్తీక్ 2004లోనే, రైనా, ఆర్.పి. సింగ్ 2005లో, ఊతప్ప 2006లో, ధావన్ 2010లో. కెప్టెన్ వంతు వచ్చేసరికి 2013 జులై అయింది.

ఈ తొమ్మిదేళ్లలో ఏం జరిగింది? ఒక సీజన్ ఆంధ్రకు ఆడాడు, మళ్లీ హైదరాబాద్‌కు వెళ్లాడు. 2007లో ఇండియన్ క్రికెట్ లీగ్ అనే కొత్త పోటీలో చేరాడు. దానికి క్రికెట్ బోర్డు గుర్తింపు లేదు. అందులో ఆడినవాళ్లకు భారత జట్టు తలుపులు మూసుకుపోయాయి. 2009లో బోర్డు క్షమాభిక్ష ప్రకటించాక తిరిగొచ్చి, ముంబయి ఇండియన్స్‌కు, రంజీల్లో బరోడాకు ఆడుతూ మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాడు. బ్యాటర్ చేతులు, కాళ్లు చురుగ్గా ఉండే ఇరవై నుంచి ఇరవై ఆరేళ్ల వయసు అంతా అలా గడిచింది. అతని సెంచరీల సంఖ్య గురించి మాట్లాడేటప్పుడు ఈ ఖాళీని లెక్కలో వేసుకోవాలి. 2013 జులై 24న హరారేలో జింబాబ్వే మీద మొదటి వన్డే ఆడి 63 పరుగులతో నాటౌట్‌గా నిలిచినప్పుడు అతనికి 27 ఏళ్లు.

ఇక మొదటి సెంచరీ. 2014 నవంబర్ 6, అహ్మదాబాద్. ప్రత్యర్థి శ్రీలంక. ధోనీకి విశ్రాంతి ఇచ్చారు, విరాట్ కోహ్లీ కెప్టెన్. శ్రీలంక 50 ఓవర్లలో 274 పరుగులు చేసింది. ఛేదనలో కోహ్లీ తాను ఎప్పుడూ వచ్చే మూడో స్థానాన్ని రాయుడికి ఇచ్చి, తాను నాలుగో స్థానానికి దిగాడు. రాయుడు 118 బంతుల్లో 121 పరుగులు చేసి, లక్ష్యం చేరేదాకా క్రీజు వదల్లేదు. అవతలి ఎండ్‌లో మొదట ధావన్ 79, ఆ తర్వాత కోహ్లీ 49. పదేళ్ల కిందట తన కెప్టెన్సీలో ఆడిన ధావన్ ఆ రోజు సీనియర్ ఓపెనర్, రాయుడు ఇంకా చోటు కోసం ఎదురుచూస్తున్నవాడు. భారత్ ఆరు వికెట్ల తేడాతో గెలిచింది.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. రాయుడి ఆట ముందు రోజుకూ ఆ రోజుకూ ఏం మారలేదు. మారింది అతను క్రీజులోకి వచ్చిన వేళ. మూడో స్థానంలో వచ్చాడు కాబట్టి ఆడటానికి 118 బంతులు దొరికాయి.

రెండో సెంచరీ 2015 జులై 10న, మళ్లీ హరారేలో. సీనియర్లు చాలామంది లేని జట్టు, అజింక్య రహానే కెప్టెన్. పిచ్ మీద పొద్దుటి తేమ, బంతి అటూ ఇటూ కదులుతోంది. 87 పరుగులకే 5 వికెట్లు పడిపోయాయి. అప్పుడు రాయుడికి స్టువర్ట్ బిన్నీ తోడయ్యాడు. ఇద్దరూ ఆరో వికెట్‌కు 160 పరుగులు కలిపారు. బిన్నీ 77 చేసి ఔటయ్యాడు. రాయుడు 124 పరుగులతో చివరి బంతి దాకా నిలబడ్డాడు. భారత్ 6 వికెట్లకు 255. బదులుగా జింబాబ్వే కెప్టెన్ ఎల్టన్ చిగుంబురా 104 పరుగులతో నాటౌట్‌గా పోరాడాడు. చివరికి భారత్ గెలిచింది 4 పరుగుల తేడాతో. రాయుడి 124లో ఐదు పరుగులు తగ్గి ఉంటే ఫలితం తిరగబడేది. జింబాబ్వే మీద సెంచరీయే కదా అని తేలిగ్గా తీసేసేవాళ్లు ఆ 4 పరుగుల తేడాను ఒకసారి చూడాలి.

మూడో సెంచరీకి వెళ్లేముందు వన్డే క్రికెట్ లెక్క కొంచెం చెప్పుకోవాలి. ఒక జట్టుకు 50 ఓవర్లు, అంటే 300 బంతులు. ఓపెనర్ ముందు ఆ మూడొందల బంతులూ ఉంటాయి. అందులో సగం తన వంతుకు వచ్చినా 150 బంతులు. నిదానంగా ఆడినా సెంచరీకి చాలినన్ని. అదే ముప్పయ్యో ఓవర్ ముగిశాక వచ్చే బ్యాటర్‌కు మిగిలేది 120 బంతులు. అవతలివాడితో పంచుకుంటే 60. ఆ 60 బంతుల్లో 100 కొట్టాలంటే అసాధారణమైన రోజు కావాలి. పైగా నాలుగో స్థానంలో దిగేవాడికి పని కూడా ఒకేలా ఉండదు. టాపార్డర్ కుప్పకూలితే నిలబెట్టాలి, టాపార్డర్ బాగా ఆడితే వచ్చీ రాగానే దంచాలి.

సచిన్ టెండూల్కర్ ఉదాహరణ చాలు. వన్డేల్లో అతని సెంచరీలు 49. వాటిలో 45 ఓపెనర్‌గా వచ్చినవే. ఓపెనర్ కాకముందు మిడిలార్డర్‌లో ఆడినంతకాలం అతనికి ఒక్క సెంచరీ కూడా లేదు. 1994 మార్చిలో ఆక్లాండ్‌లో మొదటిసారి ఓపెనర్‌గా పంపారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో కొలంబోలో ఆస్ట్రేలియా మీద తొలి వన్డే సెంచరీ వచ్చింది. రోహిత్ శర్మ కథా అంతే. 2013లో ఓపెనర్ స్థానం ఖాయమయ్యేదాకా అతనికి రెండే వన్డే సెంచరీలు. ఆ తర్వాతే వరుసగా డబుల్ సెంచరీలు కూడా వచ్చాయి. ఇంతటి ఆటగాళ్లకే స్థానం మారాక అంకెలు మారాయి.

ఇప్పుడు మూడో సెంచరీ. 2018 అక్టోబర్ 29, ముంబయి బ్రబోర్న్ స్టేడియం, వెస్టిండీస్‌తో వన్డే. ఆ ఏడాది రాయుడికి పునర్జన్మ లాంటిది. దాదాపు రెండేళ్లుగా భారత జట్టుకు దూరంగా ఉన్న అతను ఐపీఎల్‌లో చెన్నై సూపర్ కింగ్స్‌కు ఆడి 602 పరుగులు చేశాడు. పుణెలో సన్‌రైజర్స్ హైదరాబాద్ మీద 62 బంతుల్లో సరిగ్గా 100 చేసి నాటౌట్‌గా నిలిచాడు. ఐపీఎల్‌లో అతని ఏకైక సెంచరీ అదే. ఆ మ్యాచ్‌లో అతను దిగింది ఓపెనర్‌గా! ఆ ఫామ్‌తోనే సెప్టెంబర్‌లో ఆసియా కప్ జట్టులోకి తిరిగొచ్చాడు.

బ్రబోర్న్‌లో 101 పరుగుల దగ్గర రెండో వికెట్ పడ్డాక రాయుడు నాలుగో స్థానంలో వచ్చాడు. అవతల రోహిత్ శర్మ. ఇద్దరూ కలిసి 211 పరుగులు జోడించారు. రోహిత్ 137 బంతుల్లో 162. రాయుడు 81 బంతుల్లో 100, ఆ వెంటనే రనౌట్. ఇద్దరి బంతుల లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే ఓపెనర్‌కూ నాలుగో స్థానం బ్యాటర్‌కూ తేడా కళ్లకు కడుతుంది. రాయుడి నూరు రోహిత్ కన్నా ఎక్కువ వేగంతో వచ్చింది. భారత్ 5 వికెట్లకు 377, గెలుపు 224 పరుగుల తేడాతో. ప్రపంచకప్‌కు నాలుగో స్థానం ఎవరిదన్న చర్చకు ఆ రోజుల్లో కెప్టెన్ కోహ్లీ బహిరంగంగా చెప్పిన జవాబు రాయుడే. ఆ సిరీస్ ముగిశాక రాయుడు పరిమిత ఓవర్ల ఆట మీదే మనసు పెట్టాలని రంజీ తరహా మ్యాచ్‌లకు వీడ్కోలు పలికాడు. టెస్టు క్రికెట్ ఆశ అక్కడితో వదులుకున్నట్టే. భారత్ తరఫున అతను ఒక్క టెస్టూ ఆడలేదు.

ఇక ఆ 90. సెంచరీల జాబితాలో కనిపించని ఆ ఇన్నింగ్స్ అతని కెరీర్ మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ విలువైనది.

2019 జనవరి 31న హామిల్టన్‌లో న్యూజిలాండ్ చేతిలో భారత్ 92 పరుగులకే ఆలౌటైంది. ట్రెంట్ బౌల్ట్ 5 వికెట్లు తీశాడు. మూడు రోజుల తర్వాత, ఫిబ్రవరి 3న వెల్లింగ్టన్‌లో మళ్లీ అదే వరస. బంతి స్వింగవుతోంది. ఒక వైపు మాట్ హెన్రీ, మరో వైపు బౌల్ట్. రోహిత్ 2, ధావన్ 6, శుభ్‌మన్ గిల్ 7, ధోనీ 1. స్కోరు 18, వికెట్లు 4. అక్కడి నుంచి రాయుడు విజయ్ శంకర్‌తో కలిసి 98 పరుగులు, కేదార్ జాదవ్‌తో కలిసి 74 పరుగులు జోడించాడు. మొదట్లో వికెట్ కాపాడుకున్నాడు, కుదురుకున్నాక బంతిని స్టాండ్స్‌లోకి పంపాడు. 113 బంతుల్లో 90. నూటికి ఇంకో 10 కావాల్సినప్పుడు, తన మైలురాయి కోసం బంతులు వృథా చేయకుండా, వేగం పెంచే ప్రయత్నంలోనే ఔటయ్యాడు. చివర్లో హార్దిక్ పాండ్యా 22 బంతుల్లో 45 కొట్టడంతో స్కోరు 252కు చేరింది. న్యూజిలాండ్ 217కు ఆలౌట్. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అంబటి రాయుడు.

రికార్డు పుస్తకంలో మాత్రం ఇది అర్ధ సెంచరీల గడిలోనే ఉంటుంది.

తర్వాతి నెలలో ఆస్ట్రేలియాతో మూడు వన్డేల్లో రాయుడు 13, 18, 2 చేశాడు. మార్చి 8న రాంచీలో ఆడిన వన్డేయే అతని చివరి అంతర్జాతీయ మ్యాచ్. ఏప్రిల్ 15న ప్రపంచకప్ జట్టు ప్రకటించినప్పుడు అతని పేరు లేదు. సెలక్షన్ కమిటీ చైర్మన్ ఎమ్మెస్కే ప్రసాద్, ఆయనా గుంటూరు వాసే, విజయ్ శంకర్ బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడు కోణాల్లోనూ పనికొస్తాడని వివరించారు. రాయుడిని స్టాండ్‌బైగా ఉంచారు. ధావన్ గాయపడితే రిషభ్ పంత్ వెళ్లాడు. విజయ్ శంకర్ గాయపడితే మయాంక్ అగర్వాల్ వెళ్లాడు. జులై 3న రాయుడు ఆటకు వీడ్కోలు ప్రకటించాడు. మనసు మార్చుకుని తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది.

వారం తిరగకుండానే మాంచెస్టర్‌లో సెమీఫైనల్. ప్రత్యర్థి న్యూజిలాండ్, కొత్త బంతి అందుకున్నది హెన్రీ, బౌల్ట్. భారత్ స్కోరు 5, వికెట్లు 3. కాసేపటికి 24కు 4. జడేజా 77, ధోనీ 50 చేసినా భారత్ 18 పరుగుల తేడాతో ఓడిపోయింది. రాయుడు ఉంటే గెలిచేదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ బౌలర్లనే, అలాంటి స్కోరు మీదే, ఐదు నెలల ముందు ఎదుర్కొని గెలిపించిన బ్యాటర్ ఇంట్లో కూర్చుని ఉన్నాడన్నది మాత్రం నిజం. తెలుగు క్రికెట్ అభిమానులకు ఆ బాధ ఇంకా తీరలేదు.

2015 ప్రపంచకప్ జట్టులో రాయుడు ఉన్నాడు గానీ ఒక్క మ్యాచ్‌లోనూ ఆడించలేదు. అంటే ప్రపంచకప్ మ్యాచ్ ఆడకుండానే అతని అంతర్జాతీయ జీవితం ముగిసింది. లక్ష్మణ్‌ది కూడా అదే గతి. వన్డేల్లో 6 సెంచరీలు, అందులో 4 ఆస్ట్రేలియా మీద. 2003 ప్రపంచకప్‌కు అతన్ని పక్కనబెట్టారు, ఆ తర్వాతా అవకాశం రాలేదు. ఇద్దరూ జట్టు అవసరాన్ని బట్టి స్థానాలు మారినవాళ్లే. ఇద్దరి గొప్ప ఇన్నింగ్స్‌లూ వికెట్లు పడ్డాకే మొదలయ్యాయి.

మొత్తం లెక్క ఇది: 55 వన్డేలు, 50 ఇన్నింగ్స్‌లు, 14 సార్లు నాటౌట్, 1694 పరుగులు, సగటు 47.05, సెంచరీలు 3, అర్ధ సెంచరీలు 10. యాభై ఇన్నింగ్స్‌ల్లో పద్నాలుగుసార్లు నాటౌట్‌గా ఉన్నాడంటే, పని పూర్తయ్యేసరికో ఓవర్లు అయిపోయేసరికో క్రీజులో ఉన్నాడని అర్థం. ఐపీఎల్‌లో అయితే ముంబయితో మూడు, చెన్నైతో మూడు, మొత్తం ఆరు ట్రోఫీలు గెలిచిన జట్లలో అతను ఉన్నాడు. 2023 ఫైనల్‌లో 8 బంతుల్లో 19 కొట్టి, ఆ విజయంతోనే తప్పుకున్నాడు.

సెంచరీ అవతలి ఎండ్ మీద కూడా ఎంతగా ఆధారపడుతుందో ఈ మధ్యనే మరో తెలుగు కుర్రాడు చూపించాడు. 2024 డిసెంబర్ 28న మెల్‌బోర్న్ టెస్టులో విశాఖపట్నానికి చెందిన నితీశ్ కుమార్ రెడ్డి 191కి 6 వికెట్ల దగ్గర బ్యాటింగ్‌కు వచ్చాడు. వాషింగ్టన్ సుందర్‌తో 127 పరుగులు కలిపాడు. తాను 99 మీద ఉన్నప్పుడు బుమ్రా ఔటయ్యాడు. చివరి బ్యాటర్‌గా వచ్చిన హైదరాబాదీ సిరాజ్, కమిన్స్ వేసిన మూడు బంతులు అడ్డుకున్నాడు. ఆ తర్వాతి ఓవర్లో నితీశ్ బౌండరీతో నూరు దాటాడు. సిరాజ్ ఆ మూడు బంతులు ఆపకపోతే నితీశ్ 99 దగ్గరే మిగిలిపోయేవాడు.

గుంటూరు నుంచి ఇప్పుడు షేక్ రషీద్ ఎదుగుతున్నాడు. 2022 అండర్-19 ప్రపంచకప్‌లో వైస్ కెప్టెన్‌గా వెళ్లి, కొవిడ్‌తో మధ్యలో కొన్ని మ్యాచ్‌లు కోల్పోయి, కోలుకుని వచ్చి సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్లో ఇంగ్లండ్ మీద 50 చేశాడు. ఆ కప్ భారత్‌దే. 2024 నవంబర్‌లో రంజీ మ్యాచ్‌లో ఆంధ్ర తరఫున హైదరాబాద్ మీద 203 పరుగులు సాధించాడు. గుంటూరులో పుట్టిన ఒక కుర్రాడు 2002లో హైదరాబాద్‌కు ఆడి ఆంధ్ర మీద డబుల్ సెంచరీ చేస్తే, ఇరవై రెండేళ్లకు అదే ఊరి మరో కుర్రాడు ఆంధ్రకు ఆడి హైదరాబాద్ మీద చేశాడు. ఆట నేర్చుకోవడానికి రషీద్ రాష్ట్రం దాటాల్సిన పని లేకపోయింది. మంగళగిరిలో అకాడమీ ఉంది. పల్నాడు పిల్లలకూ అది ఒక పూట ప్రయాణ దూరమే.

పల్నాడు ఊళ్లలో సంక్రాంతికి, వేసవి సెలవులకు జరిగే టోర్నమెంట్లలో మ్యాచ్ పది, పన్నెండు ఓవర్లకు మించదు. ఐదో స్థానంలో వచ్చే కుర్రాడికి దొరికేవి పట్టుమని పది బంతులు. టోర్నీ ముగిశాక ఉత్తమ బ్యాటర్ కప్పు ఎక్కువ పరుగులు చేసిన ఓపెనర్‌కే వెళ్తుంది. ఆ తర్వాత జిల్లా ఎంపికలకు వెళ్లేటప్పుడు కూడా అవే అంకెలు చూపిస్తారు. 20కి 4 వికెట్ల దగ్గర వచ్చి 25 పరుగులతో మ్యాచ్ గెలిపించిన పిల్లవాడి పేరు ఏ కాగితం మీదా మిగలదు.

దీన్ని మార్చడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. నరసరావుపేటలోనో గురజాలలోనో మాచర్లలోనో ఈసారి టోర్నమెంటు నిర్వహించేవాళ్లు స్కోరు పుస్తకంలో ప్రతి బ్యాటర్ పేరు పక్కన రెండు గడులు అదనంగా గీయించాలి. అతను క్రీజులోకి వచ్చినప్పుడు స్కోరెంత, వికెట్లు ఎన్ని అన్నది ఒకటి. అతను ఎదుర్కొన్న బంతులు ఎన్ని అన్నది రెండోది. సీజన్ చివర్లో ఆ పుస్తకాలు దగ్గర పెట్టుకుని, మొదటి గడిలో 20కి 4, 30కి 5 అని ఉన్నచోట నిలబడిన పిల్లల పేర్లు వేరే కాగితం మీద రాసి, జిల్లా జట్టు ఎంపికకు పంపే జాబితాలో ఎక్కువ పరుగులు చేసినవాళ్ల పేర్లతో పాటు వాళ్లవీ చేర్చాలి.